గాజు పెంకుకు సరే, సూదికి కాదు: చెత్త బండి గ్లౌజుల రివ్యూ

అరచేతికి గరుకు నైట్రైల్ (కృత్రిమ రబ్బరు) పూత, లోపల హెచ్‌పీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ దారపు అల్లిక, చేతి వీపున గ్లౌజుల యూరోపియన్ ప్రమాణం (ఈఎన్ 388) ప్రకారం వేసిన 4X43D ముద్ర. స్వచ్ఛ ఆటో సిబ్బందికి ఇలాంటివి కొనాలనుకునే కాలనీ సంఘాలూ కాంట్రాక్టర్లూ ముందు ఆ ముద్ర చదవడం నేర్చుకోవాలి.

చివరి అక్షరమే కోతకు కొలత. A నుంచి F దాకా ఉంటుంది, D అంటే బ్లేడును కనీసం 15 న్యూటన్ల బలంతో (దాదాపు కిలోన్నర బరువుతో) నొక్కితే గానీ తెగదు. పగిలిన సీసా, ట్యూబ్‌లైటు ముక్క, రేకు డబ్బా అంచు లాంటి వాటిని ఇది బాగానే తట్టుకుంటుంది. నూలు గ్లౌజులతో పోలికే లేదు. తడి సంచి మీద పట్టు కూడా జారదు.

మోసపోయేది నాలుగో స్థానంలోని 3 దగ్గర. అది గుచ్చుకోవడానికి సంబంధించిన అంకే. కానీ ఆ పరీక్ష చేసేది 4.5 మి.మీ. మందమున్న ఉక్కు పుల్లతో. ఇన్సులిన్ సూది మందం పావు మిల్లీమీటరు. అల్లిక సందులోంచి నేరుగా దిగిపోతుంది. సూదికి విడిగా ఎఎస్‌టీఎం ఎఫ్2878 అనే పరీక్ష ఉంది, ఆ ఫలితం చూపించని అమ్మకందారు "నీడిల్ ప్రూఫ్" అంటే నమ్మకండి. అందుకే ఇవి వేసుకున్నా సంచిని ముడి దగ్గరే పట్టుకోవాలి, కింద చెయ్యి పెట్టకూడదు, తొడకు ఆనించకూడదు. బండిలో చెత్తను చేత్తోనో కాలితోనో అస్సలు అణచకూడదు. సిరంజి కనిపిస్తే పట్టకారే వాడాలి.

ఇంకో లోపం, వీపు వైపు పూత లేదు. తడి చెత్త రసం ఇంకి లోపలే ఉండిపోతుంది, చర్మం ఒరుసుకుపోతుంది. తలా రెండు జతలుంటేనే ఒకటి ఆరుతుంది. సబ్బునీళ్ళతో ఉతికి, తిరగేసి నీడలో ఆరేయాలి. బ్లీచింగ్ పౌడర్ తగలనివ్వొద్దు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పూత అరిగి దారం కనిపిస్తే పారేయాల్సిందే.

సైజు విషయంలో రాజీ వద్దు. అందరికీ ఒకే 10 నంబరు తెస్తే చిన్న చేతులున్న ఆడవాళ్ళకు వేళ్ళ కొసలు మడతపడి ముడి విప్పడం రాదు, తీసి పక్కన పెట్టేస్తారు. 7, 8 సైజులు కూడా కొనాలి. గ్లౌజుల ఖర్చు కార్మికుల మీద పడకూడదు, నిర్వాహకులు వాటిని సమకూర్చేలా స్థానిక సంస్థే చూడాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి.

గ్లౌజులతో పాటే హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించండి. సూది గుచ్చుకుంటే పిండొద్దు, వేలు నోట్లో పెట్టొద్దు. సబ్బుతో, పారే నీటితో కడిగి వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుకావాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. వాటిని 28 రోజులు మానకుండా వాడాలి.