సోలార్ హీటరుకు సర్క్యులేటర్ పంపు, ఎన్‌ఆర్‌వీ: ఐదేళ్లు వాడాక

విజయవాడ పటమటలో మాది రెండంతస్తుల ఇల్లు. సోలార్ మేడ మీద, వంటిల్లు కింద. చలికాలం పొద్దున్నే కింద కుళాయి తిప్పితే వేడినీళ్లు దిగేలోపు బకెట్టు చన్నీళ్లు పోయేవి. రాత్రంతా పైపులో నిలిచి చల్లారినవే అవన్నీ. అందుకే చివరి కుళాయి నుంచి సోలార్ ట్యాంకుకు రిటర్న్ లైను వేయించి, పైపులో చల్లారిన నీళ్లను తిరిగి ట్యాంకుకు పంపే సర్క్యులేటర్ పంపు దాని మీద పెట్టించాం. ఐదేళ్లు దాటింది. పంపు బాగుంది. అయినా ఎవరైనా అడిగితే ముందు దాని పక్కనున్న ఎన్‌ఆర్‌వీ (నాన్ రిటర్న్ వాల్వు, నీళ్లను ఒకవైపే పోనిచ్చేది) సంగతే చెబుతాను.

అది సరిగ్గా మూసుకోకపోతే, కుళాయి తిప్పగానే ట్యాంకు అడుగున ఉన్న చన్నీళ్లు రిటర్న్ లైనులోంచి ఎదురొచ్చి వేడినీళ్లలో కలిసిపోతాయి. మాకు మొదట వేసింది ఇత్తడి రెక్క వాల్వు. మాది బోరు నీళ్లు. రెండో చలికాలానికే నీళ్లు గోరువెచ్చగా వచ్చాయి. విప్పి చూస్తే రెక్క కూర్చునే అంచు మీద నూకగింజంత సున్నం పెచ్చు. ఆ సందు చాలు. తర్వాత స్ప్రింగు రకం వేయించి, ముందు జాలీ, రెండు పక్కలా యూనియన్లు (పైపు కోయకుండా విప్పుకునే జాయింట్లు) పెట్టించాం. ఏటా విప్పి కడగడం తేలికైంది. అనుమానమొస్తే పంపు ఆపి, వేడినీళ్ల కుళాయి తిప్పి, రిటర్న్ లైను బాల్ వాల్వు మూయండి. అప్పుడు నీళ్లు వేడెక్కాయంటే ఎన్‌ఆర్‌వీ పట్టడం లేదన్నమాట.

పంపు కొనేటప్పుడు బాడీ చూడండి. పోత ఇనుముది వద్దు, ఎప్పటికప్పుడు కొత్త నీళ్లు వచ్చే లైనులో తుప్పు పడుతుంది. కంచుది గానీ స్టెయిన్‌లెస్ స్టీలుది గానీ తీసుకోండి. లోపలి బేరింగులకు ఆ నీళ్లే నూనె, కాబట్టి ఖాళీగా తిప్పకూడదు. షాఫ్టు అడ్డంగానే ఉండాలి. మూడు స్పీడుల్లో తక్కువదే మాకు సరిపోయింది, చప్పుడు దాదాపు లేదు. శివరాత్రికి చలి శివశివా అనుకుంటూ వెళ్లిపోతుంది, అక్కణ్నుంచి మా ఊళ్లో దీని అవసరమే లేదు. కానీ వేసవంతా ఆపేస్తే సున్నం పట్టి రోటరు (లోపల తిరిగే భాగం) బిగుసుకుంటుంది. నెలకోసారి కాసేపు తిప్పండి. బిగుసుకుంటే కరెంటు తీసి, మధ్యనున్న ఇత్తడి స్క్రూ విప్పి, షాఫ్టు గాడిలో స్క్రూడ్రైవరు పెట్టి మెల్లగా తిప్పితే వదులుతుంది.

నీళ్లు ఇలా ఎదురు తిరగడం సంపు దగ్గరా జరుగుతుంది, కాబట్టి సోలార్ లేనివాళ్లు కూడా సంపు చూసుకోవాలి. మున్సిపల్ పైపు మూతి సంపు నీళ్లలో మునిగి ఉంటే, సరఫరా ఆగి లైను ఖాళీ అయినప్పుడు మన సంపు నీళ్లను వెనక్కి లాగుతుంది. అవి వీధందరి కుళాయిల్లోకీ వెళ్లొచ్చు. పైపు మూతిని ఓవర్‌ఫ్లో మట్టానికి పైన, పైపు వెడల్పుకు కనీసం రెండింతల ఎత్తులో పెట్టించండి. ఆ ఖాళీని మించిన రక్షణ లేదు, ఎన్‌ఆర్‌వీ దాని తర్వాతే. అయితే 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ఇళ్లలోకి వచ్చినట్టు వస్తే ఆ ఖాళీ కూడా మునుగుతుంది. అందుకని మా మున్సిపల్ లైనుకు రెండూ ఉన్నాయి. ఆ లైనుకు నేరుగా మోటారు మాత్రం పెట్టకండి. పగుళ్లలోంచి మురుగునూ లాక్కొస్తుంది.