మా మున్సిపల్ స్టేడియం: పరుగుకూ ఫుట్‌బాల్‌కూ ఎంతవరకు పనికొస్తోంది?

ఉత్తర తెలంగాణలోని మా పట్టణంలో పరుగుకైనా ఫుట్‌బాల్‌కైనా ఉన్నది ఈ ఒక్క మున్సిపల్ స్టేడియమే. ఏళ్ల తరబడి ఉదయం ట్రాక్ మీద, సాయంత్రం మైదానంలో గడుపుతున్నవాడిగా చెబుతున్నాను: ఇక్కడి నేల చాలా మంచిది, చెడిపోయింది నీరు పోయే దారి.

ఎనిమిది లేన్ల మొరం ట్రాక్ ఇది. నీళ్లు చల్లి రోలర్ తిప్పిన రోజుల్లో అడుగు పడినచోట నేల కొద్దిగా లొంగి వెంటనే కాలిని వదిలేస్తుంది. సిమెంటు రోడ్ల మీద పరుగెత్తి పిక్కలు పట్టేసినవారికి ఆ తేడా మొదటి వారంలోనే తెలుస్తుంది. అయితే వానలు మొదలయ్యాయంటే లోపలి లేన్ మనది కాదు. మధ్యలోని ఫుట్‌బాల్ మైదానం ట్రాక్ కన్నా ఎత్తుగా ఉండటం, రెండింటి నడుమ కాలువ గడ్డితో, ప్లాస్టిక్ సీసాలతో పూడిపోవడం వల్ల నీరంతా మొదటి లేన్‌లోకి దిగి, ఉత్తరం వైపు మలుపులో పాదం మునిగేంత మడుగు కడుతుంది. అది ఇంకాక మిగిలేది గాడి, అందులో తేలిన కంకర. అందరూ రెండో లేన్‌కు జరుగుతారు.

దీనివల్ల ఎక్కువ నష్టపోయేది కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు సాధన చేసే కుర్రాళ్లు. లేన్ వెడల్పు 1.22 మీటర్లు కాబట్టి రెండో లేన్‌లో ఒక్కో రౌండుకు సుమారు 7 మీటర్ల దూరం పెరుగుతుంది. 2022 నియామకాల్లో పురుషుల 1600 మీటర్ల పరుగుకు ఇచ్చిన గడువు 7 నిమిషాల 15 సెకన్లు. ఆ వేగంతో నాలుగు రౌండ్లూ రెండో లేన్‌లో పూర్తిచేసేసరికి ఏడెనిమిది సెకన్లు అదనంగా పడతాయి. అర్హత సాధించగల కుర్రాడు వాచీ చూసుకుని కుంగిపోతుంటే చూడలేము.

సింథటిక్ ట్రాక్ వేయాలని తరచూ వినిపిస్తోంది. కాలువ బాగుపడకుండా దాన్ని పరిస్తే అడుగున చేరిన నీటికి అదీ ఉబ్బుతుంది, కోట్ల రూపాయలు మట్టిపాలవుతాయి. ముందు పూడిక తీయించాలి. గ్యాలరీ ఫరవాలేదు, లైట్లలో సగమే వెలుగుతాయి. మరుగుదొడ్లకు మాత్రం ఎప్పుడూ తాళమే. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వెళ్లిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచిన రాష్ట్రం మనది. పరుగు కోసం తెల్లవారకముందే వచ్చే అమ్మాయిలకు ఇక్కడ కనీసం ఆ తాళం తీసి ఉంచకపోవడం క్షమించరానిది.

ఫుట్‌బాల్ వైపు పచ్చిక పలుచనైనా బంతి సరిగానే దొర్లుతుంది. ఇబ్బందంతా మూలల్లో ఉంది. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పుతో గీతలు గీయడం వల్ల మూల నుంచి ట్రాక్ అంచుకు మీటరు దూరమే మిగులుతోంది. కార్నర్ కిక్ కొట్టేవాడు ట్రాక్ మీదికి వెళ్లి అక్కడి నుంచే పరుగెత్తి రావాలి, అదే సమయంలో మలుపు తిరిగి వచ్చే రన్నర్‌కు తప్పుకునే వీలుండదు. మైదానాన్ని 100 మీటర్లకు, 64 మీటర్లకు తగ్గిస్తే నిబంధనలకు లోబడే ఉంటుంది, మూలల్లో మూడున్నర మీటర్లకు పైగా ఖాళీ దొరుకుతుంది. అందుకు కావలసింది కొత్తగా సున్నం గీతలు గీయడం, రెండు వైపులా గోల్ పోస్టులను రెండున్నర మీటర్లు లోపలికి జరపడం మాత్రమే. వచ్చే టోర్నమెంటుకు ముందే ఆ పని చేయవచ్చు.