1940 సైనికుడికి 1944 తుపాకీ ఇవ్వకండి: 1/35 బ్రిటిష్ సామగ్రి సెట్టు రివ్యూ

1940 మే నెలాఖర్లో ఫ్రాన్స్‌లోని డన్‌కర్క్ ఒడ్డున పడవ కోసం నిలబడి ఉన్న బ్రిటిష్ సైనికుణ్ణి 1/35 సైజులో, అంటే అసలులో 35వ వంతుగా, చేద్దామని మొదలుపెట్టాను. బొమ్మ ముఖం, బట్టల ముడతలు బాగున్నాయి, దాంతో వచ్చిన తుపాకీ, సంచులు మాత్రం కరిగిన మైనంలా ఉన్నాయి. అందుకని అట్ట మీద ‘రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ ఆయుధాలు, సామగ్రి’ అని ఉన్న ప్లాస్టిక్ సెట్టు ఒకటి ఆన్‌లైన్‌లో 900 రూపాయలకు తెప్పించాను.

ముందు పౌచ్‌ల గురించి చెప్పాలి, ఎందుకంటే డబ్బులు వాటికే చెల్లిపోయాయి అనిపించింది. 1937 ప్యాటర్న్ వెబ్బింగ్‌లో, అంటే సైనికుడు ఒంటికి కట్టుకునే దళసరి గుడ్డ పట్టీలు, సంచుల సెట్టులో, ఛాతీ కింద రెండు పక్కలా రెండు పెద్ద పౌచ్‌లు ఉంటాయి. రైఫిల్ పట్టుకున్నవాడికి అంత పెద్ద పౌచ్ ఎందుకంటే, సెక్షన్‌లో (సైనికుల చిన్న జట్టులో) ఉన్న ఒక్క బ్రెన్ గన్‌కి (తేలికపాటి మెషిన్ గన్‌కి) కావలసిన మేగజీన్లు, అంటే తూటాల పెట్టెలు, అందరూ తలా కొన్ని మోసేవాళ్లు, ఆ వంకర మేగజీన్ పట్టేలాగే పౌచ్ కొలత పెట్టారు. ఈ సెట్టు చెక్కినవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. మూత మీద టిచ్ బటన్ కనిపిస్తుంది, మూత అంచు దళసరి కూడా కనిపిస్తుంది, ఒక జతైతే నిండుగా ఉబ్బి ఉంది, ఇంకో జత ఖాళీగా నలిగి ఉంది. భూతద్దం పెట్టుకుని చాలాసేపు వాటినే చూస్తూ ఉండిపోయాను.

తర్వాత స్కేలు తీసి కొలిచాను. అసలు లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ పొడవు 113 సెంటీమీటర్లు కాబట్టి 35తో భాగిస్తే 32 మిల్లీమీటర్లు రావాలి, సరిగ్గా అంతే ఉంది. బ్రెన్ 33 రావాలి, అదీ సరిపోయింది. స్టెన్ అనే చిన్న మెషిన్ గన్ దాదాపు 22 ఉండాల్సింది 24 ఉంది, బొమ్మ చేతిలో పెడితే ఆ తేడా కంటికి తెలుస్తోంది.

ఇక నా అసలు బాధ. అట్ట మీద గానీ లోపలి కాగితంలో గానీ ఏ వస్తువు ఏ ఏడాదిదో ఒక్క ముక్క లేదు. పది రైఫిళ్లలో ఎనిమిది నంబర్ 4 రకమే, అంటే లీ-ఎన్‌ఫీల్డ్‌లో తర్వాత వచ్చిన రకం. డన్‌కర్క్ సైనికుడికి కావలసింది పాత రకం లీ-ఎన్‌ఫీల్డ్, ఎస్‌ఎంఎల్‌ఈ. గుర్తుపట్టడం తేలికే: ఎస్‌ఎంఎల్‌ఈకి ముక్కు చదును, గొట్టం బయటికి వచ్చీ రానట్టు ఉంటుంది, నంబర్ 4కి గొట్టం చివర కొంచెం బయటికి పొడుచుకొస్తుంది. బాయినెట్ కూడా అంతే, పాతదానికి 17 అంగుళాల పొడుగు కత్తి, కొత్తదానికి మేకులాంటి చిన్నది, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. స్టెన్, ట్యాంకుల మీద పేల్చే పియాట్ అప్పటికి సైన్యంలో లేనే లేవు. తాబేలు డిప్పలాంటి మార్క్ 3 హెల్మెట్ 1944లో ఫ్రాన్స్‌లోని నార్మండీ దాడి నుంచే కనిపిస్తుంది. కొత్తగా మొదలుపెట్టే పిల్లలు ఇవన్నీ కలిపి అంటించేస్తే వాళ్ల తప్పేముంది? ఒక్క చిన్న పట్టిక వేస్తే సరిపోయేది.

గ్యాస్ మాస్క్ సంచి దగ్గరే ఎక్కువ కష్టపడ్డాను. 1940 ఫొటోల్లో చాలామందికి అది ఛాతీ మీద పెద్ద దిండులా వేలాడుతుంది, సెట్టులో మాత్రం తర్వాత వచ్చిన చిన్న సంచి ఒక్కటే ఉంది. చివరికి ఎం-సీల్ కలిపి సంచి ఆకారం చేసి, అది పచ్చిగా ఉండగానే తడి మల్లు గుడ్డతో మెల్లగా అద్దితే నేత గుర్తు చక్కగా పడింది, పట్టీలకు మాస్కింగ్ టేపు సన్నగా కోసి వాడాను. ఇంపీరియల్ వార్ మ్యూజియం ఫొటోలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, అవి పక్కన పెట్టుకునే చేయండి.

రంగుల విషయానికొస్తే, ఉన్ని బట్టలకు వాలెహో కంపెనీ ‘ఇంగ్లీష్ యూనిఫామ్’ రంగు వాడాను, పట్టీలు దానికంటే ఆకుపచ్చగా, కాస్త లేతగా ఉండాలి, కొక్కేలకు ఇత్తడి రంగు చుక్క చాలు.

ప్యాకెట్లో ఒక బ్రెన్ కాలు విరిగి వచ్చింది, అమ్మినవాళ్లకు రెండు మెయిళ్లు పెట్టినా జవాబు లేదు.

పౌచ్‌ల కోసమైతే మళ్లీ కొంటాను, అయిదుకి మూడున్నర ఇస్తాను. మిగిలిన నంబర్ 4లు, స్టెన్‌లు, మార్క్ 3 హెల్మెట్లు అగ్గిపెట్టెలో వేసి పైన ‘1944’ అని రాసిపెట్టాను, తర్వాతి బొమ్మ నార్మండీదే.