పాత ప్రొక్లెయిన్ ఇంజిన్ కోడ్‌లు: క్యాబిన్ మానిటర్ చాలా, ల్యాప్‌టాప్ కావాలా?

పాత ప్రొక్లెయిన్ కొనే ముందు ఇంజిన్ కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చూడాలి. క్యాబిన్ మానిటర్‌లో చూస్తే పైసా ఖర్చు లేదు. కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా వార్నింగ్ లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరుతున్నాయేమో చూడండి. ఆపై సర్వీస్ మెనూలో పాత కోడ్‌లు, ఉంటే వాటి గంటల రీడింగ్ రాసుకోండి. లిస్టు ఖాళీగా ఉందని సంబరపడొద్దు, అమ్మే ముందు చెరిపేసి ఉండొచ్చు. అందుకే అరగంట లోడు మీద నడిపి మళ్లీ చూడాలి.

జె1939 (భారీ బండ్ల కంప్యూటర్లు మాట్లాడుకునే ప్రమాణం) పద్ధతి కోడ్‌లో ఎస్‌పీఎన్ అనే సంఖ్య లోపం ఎక్కడో, ఎఫ్‌ఎంఐ అనే సంఖ్య అది ఏ రకమో చెబుతాయి. ఆ రెండో సంఖ్యే కీలకం. ఎస్‌పీఎన్ 157 అంటే రైల్ ప్రెషర్, అంటే ఇంజెక్టర్లకు డీజిల్ అందించే పైపులోని ఒత్తిడి. పక్కన ఎఫ్‌ఎంఐ 3 ఉంటే సెన్సర్ వోల్టేజీ ఎక్కువ, 4 ఉంటే తక్కువ. అంటే ముందు వైరింగ్ చూడాలి. ప్లగ్ విప్పితే పిన్నులకు పచ్చగా చిలుము పట్టి ఉంటుంది, లేదంటే వైరు బ్రాకెట్‌కు ఒరుసుకుని రాగి బయటపడి ఉంటుంది. ఈ పనికి మానిటర్, మల్టీమీటర్ చాలు.

ఎఫ్‌ఎంఐ 18 వస్తే ప్రెషరే తక్కువ. కారణం ఫిల్టరా, గాలి పీలుస్తోందా, పంపా, ఇంజెక్టర్ రిటర్నా (ఇంజెక్టర్ల నుంచి వెనక్కి పోయే డీజిల్)? మానిటర్ చెప్పలేదు. డయాగ్నోస్టిక్ సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో కావాల్సిన ప్రెషర్, వస్తున్న ప్రెషర్ పక్కపక్కనే కనిపిస్తాయి. నిండు బకెట్‌తో బూమ్ లేపినప్పుడు రెండూ విడిపోతే ముందు డీజిల్ ఫిల్టర్లు మార్చి చూడండి. ఇంజిన్ నడుస్తుండగా హై ప్రెషర్ పైపు మాత్రం వదులు చేయొద్దు, ఆ డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. ల్యాప్‌టాప్‌తో సిలిండర్లను ఒక్కొక్కటిగా ఆపి చూసే సిలిండర్ కటౌట్ పరీక్షలో, ఆపినా శబ్దం మారని సిలిండరే బలహీనం.

ల్యాప్‌టాప్ కనెక్ట్ కాకపోతే బ్యాటరీ తీసేసి, ల్యాప్‌టాప్ తగిలించే 9 పిన్నుల సాకెట్‌లో సి, డి పిన్నుల (డేటా లైను) మధ్య మల్టీమీటర్‌తో కొలవండి. 60 ఓంలు రావాలి. 120 వస్తే డేటా లైను చివర్లలో ఉండే టెర్మినేటింగ్ రెసిస్టర్లలో ఒకటి పోయింది, లేదా లైను తెగింది.

మానిటర్‌లో 18 కనిపించిన బండికి ల్యాప్‌టాప్ పెట్టకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.