పైన పొడి, అడుగున తడి: ఎర్రకాళ్ల తాబేలు పెట్టెలో ఫర్ బెరడు

ఫర్ (fir) అనే, పైన్‌ను పోలిన చెట్టు బెరడు ముక్కల గురించి ఎవరు అడిగినా నేను కాస్త ఎక్కువే మాట్లాడతాను. ఆర్కిడ్ మొక్కల కుండీల్లో వేయడానికి అమ్మే ఆ గోధుమరంగు ముక్కలే ఇన్నేళ్లుగా మా ఎర్రకాళ్ల తాబేలు పెట్టెలో పరుపు. వాటిలో నన్ను కట్టిపడేసింది ఒక్కటే గుణం. నీళ్లు పోస్తే తడి అడుగున ఉండిపోతుంది, పై ముక్కలు పొడిగానే ఉంటాయి. వినడానికి చిన్న సంగతే. తేమ కావలసిన తాబేలును పెంచేవాళ్లకు మాత్రం సగం తలనొప్పి దానితోనే తీరుతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. మేముండేది అమెరికాలో, డాలస్ దగ్గర. మా తాబేలు కూర్మి దక్షిణ అమెరికా జాతిది, ఇక్కడే ఒక పెంపకందారు దగ్గర గుడ్డులోంచి బయటికి వచ్చింది. ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవాళ్లు ఇది చదివి నక్షత్ర తాబేలును తెచ్చుకోవాలని మాత్రం అనుకోవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. ఆ తాబేళ్లు దొంగరవాణాలో ఎంతగా నలిగిపోతున్నాయో తెలిసినవాళ్లెవరూ ఆ పని చేయరు.

దీపాలు, ఉష్ణోగ్రతలు, తిండి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. తేమ ఎందుకన్నది మాత్రం ఒక్క ముక్కలో చెబుతాను. పిల్ల తాబేళ్ల డిప్ప మీద గుట్టలు లేవడానికి మాంసకృత్తులు ఎక్కువవడమే కారణమని చాలాకాలం అనుకునేవారు. 2003లో ఆస్ట్రియా పరిశోధకులు సల్కాటా అనే ఆఫ్రికా జాతి తాబేలు పిల్లలను వేర్వేరు పరిస్థితుల్లో పెంచి చూస్తే, తిండిలోని మాంసకృత్తుల కంటే గాలి పొడిగా ఉండడమే ఎక్కువ ప్రభావం చూపిందని తేలింది. మా ఎర్రకాళ్ల జాతికి తేమ అవసరం ఇంకా ఎక్కువ. పెట్టెలో 70, 80 శాతం ఉంటేనే హాయిగా ఉంటుంది.

నేను కోనసీమ మనిషిని. మొదట తెచ్చింది కొబ్బరి పొట్టే. అంబాజీపేట వైపు పీచు మిల్లుల పక్కన గుట్టలుగా కనిపించే పొట్టు ఇక్కడ ఇటుకలా బిగించి అమ్ముతుంటే, దాని మీద మన దేశం పేరు చూసి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. 650 గ్రాముల ఇటుకను గోరువెచ్చని నీళ్లలో వేస్తే ఏడెనిమిది లీటర్ల పొట్టు అవుతుంది. నాలుగు అంగుళాల మందాన పరిస్తే కూర్మి అందులో ముక్కు వరకూ కూరుకుపోయి నిద్రపోయేది. తేమ కొలిచే మీటరు 80 శాతం దగ్గర కదలకుండా నిలబడేది. తెలిసినవాళ్లందరికీ కొబ్బరి పొట్టే కొనమని చెప్పాను.

ఆ తర్వాత 2021 ఫిబ్రవరి వచ్చింది. టెక్సస్‌లో ఉన్నవాళ్లెవరూ ఆ వారాన్ని మరచిపోరు. డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలకు పడిపోయింది, లక్షల ఇళ్లకు కరెంటు లేదు. మా ఇంట్లో అర్ధరాత్రి హీటరు ఆగింది. తెల్లవారేసరికి ఇల్లంతా మంచుగడ్డలా ఉంది, పెట్టెలో దీపాలు లేవు, పొట్టు ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంది. ఎర్రకాళ్ల తాబేలు తడిని తట్టుకుంటుంది, ఓ మోస్తరు చలినీ తట్టుకుంటుంది. రెండూ కలిస్తే ఊపిరితిత్తులకు ముప్పు. కూర్మిని బయటికి తీసి, తువ్వాలుతో తుడిచి, చించిన కాగితాలు నింపిన అట్టపెట్టెలో పెట్టాం. అలా తుడుస్తూ తిరగేసినప్పుడు ఫోను టార్చి వెలుతురులో కింది డిప్ప కనిపించింది. రెండు పలకలు కలిసే గీత వెంబడి, వెనక కాళ్ల దగ్గర, పాలిపోయిన మచ్చలు. గోటితో మెల్లగా తాకితే అక్కడ గట్టిదనం లేదు. పైనుంచి చూస్తే నిగనిగలాడే తాబేలే. పొట్ట కింద మాత్రం డిప్ప పాడవడం మొదలైంది.

కరెంటు ఉన్న స్నేహితుల ఇంటికి పెట్టెతో సహా చేరుకున్నాం, అది వేరే కథ. రోడ్లు తెరుచుకున్నాక చూసిన వైద్యురాలు మచ్చలు లోతుగా పోలేదని చెప్పి, పల్చటి అయోడిన్ మందు రాయమన్నారు, కొన్నాళ్లు పొడి పరుపు మీదే ఉంచమన్నారు. ఇంటికొచ్చి దీపాలు వేసిన వారంలోనే ఖాళీ పెట్టెలోని పొట్టు మీద దుప్పటి పరిచినట్టు తెల్లటి బూజు లేచింది. దాని వెనకే సన్నటి నల్ల ఈగలు, వంటింటి కిటికీ దాకా. మొత్తం ఎత్తి పెరటి చెట్ల మొదట్లో పోశాను.

కొబ్బరి పొట్టు చెడ్డదని నేను అనను. దాని స్వభావమే అది. సన్నటి పొట్టు కదా, అడుగున పోసిన నీటిని దీపం వత్తి నూనెను పీల్చినట్టు పైకి లాగుతుంది. మీటరు చూపించే అంకె బాగుంటుంది, తాబేలు పొట్ట మాత్రం రాత్రింబవళ్లు తడి మీదే ఆనుకుని ఉంటుంది. బెరడు ముక్కల మధ్య ఖాళీలు పెద్దవి, నీరు ఎగబాకలేదు. అడుగునుంచి ఆవిరి మాత్రమే పైకి వస్తుంది. గాలికి తేమ, పొట్టకు పొడి. బెరడుకు మారాక కూర్మి కింది డిప్పపై మచ్చలు మళ్లీ రాలేదు. పాతవి మెల్లగా గట్టిపడి, కొంచెం రంగు తేడాతో మిగిలాయి.

బెరడులో చేయి పెట్టి అడుగు వరకూ దించి చూడడం నాకు ఇప్పటికీ ఇష్టమైన పని. పైన గరుకుగా, గలగలలాడుతూ పొడి ముక్కలు. రెండంగుళాలు దిగగానే చల్లదనం. అడుగున ముక్కలు ముదురు రంగులో, వర్షం వెలిశాక చెట్టు మొదలు వాసనతో.

ఇంతగా మెచ్చుకున్నాక ఇది కూడా చెప్పాలి. ఒక్క బెరడే వేస్తే మా చలికాలంలో చాలడం లేదు. ఇంటి హీటరు గాలిని పిండేస్తుంటే అడుగు కూడా ఇట్టే ఆరిపోతుంది, మీటరు 55కి దిగుతుంది. అందుకే ఇప్పుడు అడుగున ఒక అంగుళం కొబ్బరి పొట్టు, దానిపైన మూడు అంగుళాల బెరడు వేస్తున్నాను. నీటిని పట్టి ఉంచే పని పొట్టుది, తాబేలును మోసే పని బెరడుది. కోనసీమ మళ్లీ పెట్టెలోకి వచ్చినందుకు సంతోషంగానే ఉంది. అయితే కూర్మి తవ్వుడుకు రెండు పొరలూ కొన్ని వారాల్లో కలిసిపోతాయి, మళ్లీ సర్దాలి. ధర కూడా పొట్టు కంటే చాలా ఎక్కువ. ముక్కలు సన్న రకమే కొనాలి. పెద్దవైతే తాబేలు నడవలేదు, తవ్వలేదు. సంచిలోంచి తీసేటప్పుడు పదునైన పుల్లలుంటే ఏరేస్తాను. ముక్కల మీద తిండి పెడితే అంటుకుని నోట్లోకి పోతాయి కాబట్టి పలుగు రాయి పలక మీద పెడతాను.

నీళ్లు పైన చల్లడం దాదాపు మానేశాను. చల్లింది కాసేపట్లో ఆవిరై, పైపొర మాత్రం తడుస్తుంది. నాలుగు మూలల్లో గోరువెచ్చని నీరు నెమ్మదిగా పోస్తే అడుగంతా పాకుతుంది. అడుగు ముక్కల్ని గుప్పిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎక్కువ పోసినట్టు, అలాగే వదిలేస్తే మురుగు వాసన వస్తుంది. రాత్రి కూడా పెట్టెలో 27 డిగ్రీలకు తగ్గనివ్వను. మెంతిగింజంత తెల్లటి బూజు కనిపిస్తే ఆ పిడికెడు తీసేస్తాను. స్ప్రింగ్‌టెయిల్ అనే చిట్టి పురుగుల్ని వదిలాక ఆ పని కూడా బాగా తగ్గింది, అవి బూజునే తిని బతుకుతాయి.

మీటరును మాత్రం గుడ్డిగా నమ్మకండి. సీసా మూతలో ఉప్పు వేసి, ముద్దయ్యేంత తడిపి, మీటరుతో పాటు గాలి చొరని సంచిలో రాత్రంతా ఉంచండి. 75 శాతం చూపించాలి. ముల్లు తిరిగే మీటరు ఒకటి మా ఇంట్లో ఈ పరీక్షలో 60 దగ్గరే ఆగిపోయింది.

దేవదారు జాతి చెక్కపొట్టు, రంగు వేసిన మల్చ్ (మొక్కల మొదట్లో పరిచే చెక్క తునకలు), తెల్లటి పెర్లైట్ గుళ్లు కలిపిన కుండీ మట్టి వీటిలో ఏదీ వద్దు. వీటి గురించి ఇంతకు మించి చెప్పేది లేదు.

నాది ఎదిగిన తాబేలు, పైన మూత ఉన్న పెట్టె, ఎండాకాలం తేమగా, చలికాలం పొడిగా ఉండే ఊరు. ఈ మూడింటిలో ఏది మారినా నా సలహా మారుతుంది. అప్పుడే పుట్టిన పిల్లకైతే పొట్టు పాలు పెంచి, కింది డిప్పను తరచూ తిరగేసి చూస్తాను. పైన మూత లేని పెట్టెలో ఏ పరుపు వేసినా తేమ దీపాల వేడికి ఎగిరిపోతుంది, ముందు మూత సంగతి చూసుకోవాలి. మధ్యధరా ప్రాంతపు హెర్మన్ తాబేలు ఉన్నవాళ్లకు ఇంత తడి అవసరమే లేదు. ఫ్లోరిడాలో ఉన్న స్నేహితుడు సైప్రస్ చెట్టు మల్చ్ మీదే ఏళ్లుగా పెంచుతున్నాడు, అతని తాబేలు డిప్ప మా కూర్మి డిప్ప కంటే నున్నగా ఉంది. అక్కడ అది చవక, త్వరగా కుళ్లదు. మా దగ్గర దొరికే సంచుల్లో వేరే చెక్క కూడా కలిసి వస్తోంది. కల్తీ లేనిది దొరికితే ఒక చలికాలం అది కూడా వేసి చూస్తాను. అప్పటిదాకా నా ఓటు బెరడుకే.