పైపరజిన్: మా మిద్దె మీది పక్షులకు నాలుగేళ్లు వాడాక

మా మిద్దె మీద పన్నెండు కాక్‌టెయిల్స్ (కాకటీల్ అనే కుచ్చుతల చిలుకలు), ఓ ఇరవై బడ్జీలు ఉన్నాయి. (తిరుపతిలో బడ్జీలను అందరూ లవ్ బర్డ్స్ అనేస్తారు. అసలు లవ్ బర్డ్స్ వేరే.) నులిపురుగులకు పైపరజిన్ ద్రావకం వాడుతున్నాను. పదికి ఆరు మార్కులు. తగ్గిన నాలుగులో రెండు నా తప్పుకే.

2021 నవంబరు వానలు తగ్గాక ఒక మగ కాక్‌టెయిల్ రోజంతా కొర్రలు తింటూనే చిక్కిపోయింది. చేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక చాకు అంచులా తగిలింది. వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో రెట్ట పరీక్ష చేయిస్తే ఏలికపాము గుడ్లు కనిపించాయి. మందు పట్టిన మర్నాడు ట్రేలో సేమియా ముక్కల్లా తెల్లటి పురుగులు! చాలా రోజులు మా ఇంట్లో పాయసం వండలేదు.

రెండు నెలలకు మళ్లీ అదే కథ. ఈ మందు పెద్ద పురుగులను చచ్చుబడేస్తుంది, అవి రెట్టతో బయటికి పోతాయి. పిల్ల పురుగులు మాత్రం తప్పించుకుంటాయి. అందుకే డాక్టరమ్మ రెండు వారాలకు ఇంకో విడత వేయమన్నారు. నేను ఎగ్గొట్టాను. పైగా పంజరం అడుగున మట్టి పోసి ఉంచాను. తడి మట్టిలో ఆ గుడ్లు రెండు మూడు వారాల్లో ముదిరి, నెలల తరబడి బతికే ఉంటాయి. ఫినాయిల్‌కు లొంగవు. పక్షులేమో కింద రాలిన గింజల కోసం అక్కడికే దిగుతాయి. మట్టి ఎత్తిపోసి సిమెంటు చేయించి, పైన ఇనుప జాలీ వేశాను. ఆదివారాలు పక్షులను పక్కకు మార్చి మరిగే నీళ్లతో కడుగుతాను.

నీళ్లలో కలిపితే చాలని షాపులో చెప్పారు కానీ, ఇవి ఆస్ట్రేలియా మెట్టనేలల పక్షులు, తాగేదే కాస్త. ఆ రోజు తోటకూర వేస్తే అసలు తాగవు. ఇప్పుడు ఒక్కోదాన్నీ తూచి, డాక్టర్ రాసిన మోతాదు సిరంజితో నోట్లో వేస్తున్నాం. మా ఆవిడ తువ్వాలులో పట్టుకోకపోతే నా వల్ల కాదు.

బద్దెపురుగుకు ఇది పనిచేయదు, దానికి ప్రాజిక్వాంటెల్ ఉంది. ఒకరి మాట విని ఈకలు మార్చే కాలంలో ఫెన్‌బెండజోల్ అనే ఇంకో పురుగుల మందు వేశాను. కొత్త ఈకలు వంకర తిరిగి వచ్చాయి.

పోయిన నెల రెట్ట పరీక్షలో ఏమీ లేదు. గడువు దాటిన సీసా పారేశాను, కొత్తది ఇంకా కొనలేదు.