పంపు మంచిదే, బుడగలతోనే తంటా

మా పాపకి టైప్ 1 షుగర్. పూటపూటా సూది బాధ తప్పుతుందని ఒంటికి తగిలించుకుంటే ట్యూబు గుండా మందు ఎక్కించే ఇన్సులిన్ పంపు కొన్నాం. ఆ విషయంలో పెట్టిన డబ్బుకి న్యాయం చేసింది. స్కూల్లో టిఫిన్ బాక్స్ తెరిచే ముందు బటన్ నొక్కి డోసు వేసుకుంటుంది, పక్క పిల్లలకి తెలియను కూడా తెలియదు.

తంటా అంతా గాలి బుడగలతోనే. ట్యూబు మూసుకుపోతే అలారం మోగుతుంది గానీ, ఇన్సులిన్ బదులు గాలి పోతుంటే పంపు నోరు మెదపదు. చర్మం కిందికి ఆ కాస్త గాలి వెళ్లినా ప్రమాదం లేదు, అందాల్సిన మందు అందదు, అంతే. ట్యూబులో అంగుళం పొడవు బుడగంటే ఇంచుమించు అర యూనిట్ గల్లంతు. గంటకి అర యూనిట్ బేసల్ (రోజంతా సన్నగా అందే మందు) మీదున్న పిల్లకి గంటసేపు మందు లేనట్టే!

ఫ్రిజ్‌లోంచి తీసిన ఇన్సులిన్‌ని అలాగే నింపితే, వెచ్చబడేకొద్దీ అందులో కరిగున్న గాలి బుడగలై బయటికొస్తుంది. మా అనంతపురం ఎండల్లో ఇక చెప్పక్కర్లేదు. అందుకే వయల్ (ఇన్సులిన్ సీసా) ముందే బయట పెట్టి, ఇల్లు కాస్త చల్లగా ఉండే తెల్లవారుజామున నింపుతాను. పంపులో ఇన్సులిన్ నిల్వ ఉండే రిజర్వాయర్‌ని నిలువుగా పట్టుకుని పెన్నుతో తడితే బుడగలు పైకి చేరతాయి, వాటిని వయల్లోకి తోసేయాలి. ట్యూబు చివర చుక్కలు పడేదాకా ఒంటికి తగిలించకూడదు. డెమో ఇచ్చినాయన ఇదంతా రెండు ముక్కల్లో తేల్చేశాడు.

నాలుగు స్టార్లు. ట్యూబులు బెంగళూరు నుంచి తెప్పించుకోవాలి, ఒక సెట్టు ఎక్కువే పెట్టుకోండి.